తాతను టాటా చేసిన అక్షరాలు

జైనూర్ బస్టాండు దగ్గర ఒక ఆన్‌లైన్ సెంటర్. జిరాక్స్, లామినేషన్, పాస్‌పోర్టు ఫొటో, కులం సర్టిఫికెట్, పత్తి రైతు దరఖాస్తు – అన్నీ ఒకే గదిలో, ఒకే కుర్రాడి చేతిలో. అతని కీబోర్డు మీద క్యాప్స్ లాక్ మీటకు స్టిక్కర్ ముక్క అంటించి ఉంది, ఎవరూ పొరపాటున ముట్టకుండా. పొద్దున షట్టర్ ఎత్తగానే వెలిగే దాని దీపం రాత్రి షట్టర్ దించేదాకా అఖండజ్యోతి. దరఖాస్తుల మీద మొదటి వాక్యం అదే కదా: పెద్ద అక్షరాలలో మాత్రమే నింపవలెను.

ఆ జ్యోతి ముందు ఒక గోండు పెద్దాయన నిలబడి ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో ఒక జన్మకు సరిపడా కాగితాలు.

"పేరు కలుస్తలేదు తాతా" అన్నాడు కుర్రాడు.

"ఎవలతోని కలుస్తలేదు?"

"నీతోనే."

తాత కాసేపు ఆలోచించాడు. డెబ్బై ఏళ్లుగా తనతో తాను కలిసే ఉన్నానని ఆయన నమ్మకం. కుర్రాడు ఓపికగా వివరించాడు. "ఇండ్ల నీ పేరు అన్నీ పెద్ద ఏబీసీడీలున్నయి. అండ్ల మొదటిదే పెద్దది, తక్కినయన్ని చిన్నయి. సిస్టం తీసుకుంటలేదు."

"నేను గంతనే ఉన్న గద బిడ్డా. పెద్దగ కాలె, చిన్నగ కాలె."

సెలవుకు ఊరొచ్చి, ఫొటోల కోసం వరుసలో నిలబడ్డ నాకు ఒళ్లు జలదరించింది. ఈ రోగం నాకు కొత్త కాదు. పాతికేళ్లుగా నేను అన్నం తింటున్నదే దీని మీద. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసి, కోబాల్, జేసీఎల్ అని జపించి, సముద్రాలు దాటి, బ్యాంకుల వెనక గదుల్లో తిష్ఠ వేసిన తెలుగు సైన్యంలో నేనూ ఒక బంటునే. ఆ కోర్సులో అసెంబ్లర్ దగ్గరికి వచ్చేసరికి మా సారు "ఇది మనకు పనికి రాదు" అని పేజీ తిప్పేశాడు. వచ్చింది. అర్ధరాత్రి రెండింటికి వచ్చింది. ఆ కథ తర్వాత చెబుతాను. ముందు ఈ పెద్దక్షరాల పెత్తనం ఏ ఇంట పుట్టిందో చెప్పాలి.

1964 ఏప్రిల్ 7న ఐబీఎం వారు సిస్టమ్/360 అనే యంత్రాన్ని లోకానికి ప్రకటించారు. దానికి మేత అట్టకార్డులు. కార్డుకు 80 గడులు. వాటికి చిల్లులు పొడిచే 029 కీపంచ్ యంత్రమూ ఆ ఏడాదిదే. దానికి పెద్ద ఏబీసీడీలు తప్ప చిన్నవి రావు. నోరు తెరిస్తే అరుపే. గుసగుసలాడటం నేర్పలేదు.

ఆ కార్డుల మీద అసెంబ్లీ భాషలో ప్రోగ్రాం రాసేవాడికి పేర్లు కావాలి. యంత్రానికి ఫలానా అంకెల గది అని చెబితే చాలు, మనిషికి మాత్రం ఆ గది తలుపు మీద పేరు కావాలి. ఆ పేరునే సింబల్ అంటారు. దానికి నిబంధనలు ఇవి. కార్డు మొదటి గడిలోనే మొదలు కావాలి. ఎనిమిది అక్షరాలు మించకూడదు. మా జిల్లా పేరు కుమురంభీం ఆసిఫాబాద్ అని ఇంగ్లిషులో రాయబోతే "కుమురంబ్" దగ్గరే యంత్రం చేతులు దులుపుకునేది. ఆసిఫాబాద్ దాకా బస్సే లేదు. ఇక పేరులో తొలి గుర్తు అక్షరమే అయి ఉండాలి, అంకె కాకూడదు. ఏది అక్షరం? ఏ నుంచి జెడ్ దాకా ఇరవై ఆరు. వాటితో పాటు ఎట్ గుర్తు, హ్యాష్ గుర్తు, డాలరు గుర్తు. అవును, ఆ దేశంలో డాలరు అక్షరమే. మన 'అ'కు ప్రవేశం లేదు, డాలరుకు ఉంది. ఇంకేం, మనవాళ్లు అక్షరాభ్యాసం మళ్లీ మొదలుపెట్టి విమానాలెక్కారు.

కాలం మారింది. కార్డులు పోయి తెరలు వచ్చాయి. 1992లో హై లెవల్ అసెంబ్లర్ వచ్చింది. యంత్రానికి అంతకంటే దగ్గరి భాష ఇంకొకటి లేదు, పేరేమో 'ఉన్నత స్థాయి'. మన కాలనీలకు లేక్ వ్యూ అని పెట్టినట్టు. అప్పటికి సింబల్ 63 అక్షరాల దాకా సాగింది. చిన్నక్షరాలకూ అనుమతి దొరికింది. అనుమతి ఎలాంటిదంటే – నువ్వు చిన్నగా రాసుకో, పెద్దగా రాసుకో, కలగాపులగం చేసుకో, నేను మాత్రం అన్నిటినీ పెద్దక్షరాలుగానే చదువుతాను. రాజు అని ఎన్ని రకాలుగా రాసినా దానికి ఒక్కడే రాజు. దీన్ని సమానత్వమని మావాళ్లు మురిసిపోతారు. చిన్నవాళ్లంతా పెద్దవాళ్లలా కనబడితే చాలు, అందరూ సమానమే.

చిన్నక్షరాన్ని పెద్దక్షరం చేసే మంత్రం ఒకటుంది. ఏ పురాణంలోనూ ఇంత వేదాంతం లేదు. మెయిన్‌ఫ్రేమ్ వాడే అక్షర పట్టిక పేరు ఎబ్సిడిక్. అందులో పెద్ద 'ఏ' సంఖ్య సీ1, చిన్న 'ఏ' సంఖ్య 81. ఇది పదహారు మీద నడిచే లెక్క. రెండింటికీ తేడా 40. ఆ పట్టికలో 40 ఎవరి సంఖ్య? ఖాళీది. మాటకీ మాటకీ మధ్య వదిలే ఉత్త జాగాది. ఎనిమిది ఖాళీలు తెచ్చి, 'ఓసీ' అనే ఒక్క ఆజ్ఞతో పేరుకు అద్దితే చాలు, చిన్నక్షరాలన్నీ మీసాలు తిప్పి పెద్దవైపోతాయి. మా సీనియర్లు కళ్లు మూసుకుని రాసే ఉపాయం ఇది. అసలు కిటుకు ఇంకా ఉంది. తక్కిన కంప్యూటర్లు వాడే ఆస్కీ పట్టికలో పెద్ద 'ఏ' 41, చిన్న 'ఏ' 61, తేడా 20. అక్కడ ఖాళీ సంఖ్య కూడా 20. అంటే ఆ రాజ్యంలో అదే ఖాళీని పెద్దక్షరానికి అద్దితే అది చిన్నదైపోతుంది.

ఏమీ లేనివాణ్ణి పక్కన నిలబెట్టుకుంటే ఒకచోట చిన్నవాడు పెద్దవాడవుతాడు, ఇంకోచోట పెద్దవాడు చిన్నబోతాడు. నాయకులకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఎన్నికల ముందు వాళ్లది ఎబ్సిడిక్, తర్వాత ఆస్కీ.

ఇప్పుడు అర్ధరాత్రి కథ. వడ్డీ రేటు లెక్కగట్టే చిన్న అసెంబ్లీ రొటీను ఒకటి ఉండేది. పేరు గెట్‌రేట్. నేను పుట్టకముందు ఎవరో రాసింది. ఏళ్ల తరబడి దాన్ని కోబాల్ పిలిచేది, అది పలికేది. కోబాలూ పేర్లను పెద్దక్షరాలు చేసే పిలుస్తుంది కాబట్టి ఇద్దరికీ గొడవ లేదు. ఒకరోజు కొత్తగా వచ్చిన కుర్రాళ్లు సీ భాషలో ప్రోగ్రాం రాసి అదే రొటీనును పిలిచారు. సీ భాషకు పట్టింపు ఎక్కువ. అక్కడ చిన్న 'ఆర్' వేరు, పెద్ద 'ఆర్' వేరు, వాటికి పొత్తు లేదు. కుర్రాళ్లు 'గెట్' అంతా చిన్నక్షరాల్లో రాసి, 'రేట్'లో మొదటి 'ఆర్' మాత్రం పెద్దది చేశారు. మధ్యలో ఒంటె మూపులా లేస్తుందని దీన్ని క్యామెల్ కేస్ అంటారు.

ముక్కలన్నిటినీ కలిపి కుట్టే బైండర్ అనే దర్జీ ఈ పేరు పట్టుకుని గ్రంథాలయమంతా తిరిగాడు. మూపున్న గెట్‌రేట్ దొరకలేదు. మూపు లేని గెట్‌రేట్ ఎదురుగానే కూర్చుని ఉంది. "నువ్వేనా?" అని ఇతను అడగడు, "నేనే" అని ఆమె చెప్పదు. ఇద్దరూ నియమనిష్ఠలు గలవారు. ఈ సింబల్ చిక్కలేదని బైండర్ ఫిర్యాదు రాశాడు. బైండర్‌కు 'లెట్' అని ఒక ఆప్షన్ ఉంది – తప్పున్నా సరే, పోనీ అనడం. మా ప్రాజెక్టులో ఎవరో పుణ్యాత్ముడు ఏనాడో 'పోనీ' అని పెట్టి వెళ్లిపోయాడు. మన దేశంలో దాన్ని పరిపాలన అంటాం. రాత్రి బ్యాచ్ మొదలైంది. ప్రోగ్రాం గెట్‌రేట్‌ను పిలిచింది. చిరునామా ఉండాల్సిన చోట సున్నా ఉంది. సున్నాకు దూకింది. ప్రోగ్రాం కూలింది, అబెండ్. మావాళ్ల భాషలో సాక్ వన్. నా ఫోను మోగింది. డంపు తెరిచి, అంకెల అడవిలో మూడు గంటలు తిరిగి, చివరికి తెలుసుకున్నదేమిటంటే – ఒక 'ఆర్' పొడుగు ఎక్కువైంది.

మందు ఒక్క వరుస. అసెంబ్లర్‌లో ఏలియాస్ అని ఒక మాట ఉంది. నాకు ఇంట్లో గెట్‌రేట్ అని పెద్దక్షరాల పేరున్నా, బయటివాళ్లు మూపుతో పిలిస్తే పలుకుతాను – అని ఆ రొటీను చేత ఒప్పించే వరుస అది. రాశాను, మళ్లీ కుట్టించాను, తెల్లారేసరికి వడ్డీ పారింది.

ఏలియాస్ అంటే మన పేపర్లో అలియాస్. తెలుగు పత్రికల్లో ఆ మాట దొంగలకూ అజ్ఞాతంలో ఉన్నవాళ్లకూ రిజర్వు చేసింది. యంత్రానికైతే మర్యాదగల మాట, ఒక్క వరుసతో పోతుంది. మనిషికి అలియాస్ కావాలంటే? స్టాంపు పేపరు కొనాలి. నోటరీ దగ్గరికి పోవాలి. ఇందులో ఉన్నవాడూ అందులో ఉన్నవాడూ ఒకడేనని ప్రమాణం చేయాలి. అంటే తాత తనకు తాను అలియాస్ అని తానే సాక్ష్యం చెప్పాలి. సున్నాకు దూకి సాక్ వన్ కొట్టాల్సిన సమయం ఇదే. కానీ తాత సాక్సులు వేసుకోడు.

"ఉట్నూరుకో ఆసిఫాబాదుకో పోయి నోటరీ చేయించుకురా తాతా" అన్నాడు కుర్రాడు.

"మా ముసల్దాన్ని పంపుత" అన్నాడు తాత. "ఆడోళ్లకు బస్సుల టికెట్ లేదు. నాకున్నది."

"ఆమె పేరు కాదు కదా తాతా, నీ పేరు."

"నాకు నా పేరే కలుస్తలేదంటివి. ఆమె పేరన్న కలుస్తదేమో సూడు."

నవ్వొస్తుంది గానీ, ఆలోచిస్తే ఈ పెద్దా చిన్నా పేచీ మనది కానే కాదు. మన అక్షరాలకు దీర్ఘాలున్నాయి, ఒత్తులున్నాయి, గుడులున్నాయి, కొమ్ములున్నాయి. హోదాలు లేవు. వాక్యం మొదట్లో ఉన్నంత మాత్రాన 'క' ఛాతీ విరుచుకోదు. రాజు పేరులోని 'ర', రజకుడి పేరులోని 'ర' ఒకే ఎత్తు. మనుషులకు ఇన్ని మెట్లు కట్టిన మనం అక్షరాలకు ఒక్క మెట్టూ కట్టలేదంటే ఆశ్చర్యమే. బహుశా మరిచిపోయి ఉంటాం.

ఇంగ్లిషువాడు పెద్దక్షరాన్ని వాక్యం తలకు తురాయిగా, తన పేరుకు తలపాగాగా వాడుకున్నాడు. దానికి అసలైన కూలిపని చూపించాడు తెలుగువాడు. 1990ల తొలి రోజుల్లో తెరల మీద తెలుగు ఖతులు అరుదు. అప్పుడు హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకునే మనవాళ్ల దగ్గర ఒక పద్ధతి తయారైంది. ఆర్‌టీఎస్ అంటారు. అందులో చిన్న 'టీ' కొడితే త, పెద్ద 'టీ' కొడితే ట. చిన్న 'ఎల్' ల, పెద్ద 'ఎల్' ళ. చిన్న 'ఎన్' న, పెద్ద 'ఎన్' ణ. ఇరవై ఆరు అక్షరాల బడిలో యాభై ఆరుగురు పిల్లల్ని కూర్చోబెట్టిన ఘనత అది. తురాయిని తీసి పలుగు చేతికిచ్చారు.

ఇప్పుడు ఆ రాతను మన క్యాప్స్ లాక్ అఖండజ్యోతి ముందు పెట్టండి. కల్లుకూ కళ్లకూ ఉన్న తేడా ఒక 'ఎల్' ఎత్తు. పెద్దక్షరాల్లో మాత్రమే నింపితే కల్లూ కళ్లూ ఒకటే. తాగకముందే. గదికీ గడికీ, మదికీ మడికీ తేడా పోతుంది. అన్నిటికంటే ఘోరం, తాత అన్న మాటను ఆ పద్ధతిలో రాసి అన్నీ పెద్దవి చేయండి. టాటా అవుతుంది. తాత వచ్చి కౌంటర్ దగ్గర నిలబడితే సిస్టం "టాటా" చెబుతున్నదంటే అది దాని తప్పు కాదు. దానికి అలాగే వినబడింది.

మా మార్లవాయి సంగతి చూడండి. జైనూర్ మండలంలోని ఊరు. గుస్సాడి నృత్యానికి 2021లో పద్మశ్రీ తెచ్చిన కనకరాజు ఊరు అదే. కనక అనేది ఇంటిపేరు, రాజు అనేది పేరు. ఇంగ్లిషులో కలిపి రాసినా ఒంటె మూపు ఉంటే కుట్టు ఎక్కడుందో కనబడుతుంది. అన్నీ పెద్దవైతే ఇల్లేదో మనిషెవరో తెలియదు.

ఆ ఊళ్లోనే 1940లలో హైమన్‌డార్ఫ్ దొర కాపురం పెట్టాడు. 1909లో వియన్నాలో పుట్టి, గోండుల మధ్య బతికి, వాళ్ల బడుల కోసం మార్లవాయిలో పంతుళ్లకు తర్ఫీదు పెట్టించిన మానవశాస్త్రవేత్త. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో పోతే ఈ మట్టిలోనే పూడ్చారు. ఆయన పేరు మధ్యలో 'ఫాన్' అని ఉంటుంది. జర్మన్ భాషలో నామవాచకం కనబడితే చాలు పెద్దక్షరం పెడతారు. కుర్చీకి పెద్దక్షరం, పిల్లికి పెద్దక్షరం. పేరు మధ్యలోని ఆ 'ఫాన్'కు మాత్రం చిన్నక్షరమే. అది పెద్దింటి గుర్తు. ఆ భాషలో ఉన్నత వంశానికి గుర్తు ఒక చిన్నక్షరం! మా కుర్రాడి స్టిక్కర్ అంటించిన మీట కింద పడితే ఆ వంశ గౌరవం ఒక్క దెబ్బకు ఎగిరిపోతుంది. పెద్ద చేసి చిన్నబుచ్చడమంటే ఇదే.

ఇక మా పొరుగున నార్నూర్ మండలంలో గుంజాల ఉంది. గోండుల సొంత లిపిలో రాసిన చేతిరాత ప్రతులు అక్కడ బయటపడ్డాయి. 2018లో ఆ గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. ప్రపంచంలో ఏ కంప్యూటరైనా ఇప్పుడు దాన్ని గుర్తించవచ్చు, ఆఫీసు తప్ప. ఆ లిపిలోనూ పెద్దా చిన్నా లేవు. తాత తాతలు రాసుకున్న అక్షరాల్లో లేని భేదం తాత నెత్తిన పడింది. ఆ భేదం తెలియనందుకు జరిమానా, బస్సు టికెట్టు కూడా ఆయనవే.

పెద్దక్షరం నేరమనడం లేదు. చిన్నదీ పెద్దదీ ఒకటేనంటావా, అను. వేరంటావా, అను. రెండూ బతకగలిగే పద్ధతులే. అసెంబ్లర్ ముసలిది, చెవిటిది, కానీ నిజాయితీపరురాలు. నేను తేడా చూడను అని తన పుస్తకంలో రాసి పెట్టింది. తేడా చూసేవాళ్లతో పని పడితే ఏలియాస్ అని తలుపు కూడా తెరిచి పెట్టింది. మన ఆఫీసులకు ఆ చెవుడు వచ్చింది, నిజాయితీ రాలేదు. ఒక గదిలో అన్నీ పెద్దవి చేసి రాసుకుంటారు. పక్క గదిలో ఉన్నవి ఉన్నట్టు రాసుకుంటారు. రెండు గదుల మధ్య గోడ వాళ్లు కట్టి, ఆ గోడకు తల కొట్టుకోవడం మాత్రం కవరు పట్టుకున్నవాడి వంతు చేస్తారు. పోల్చే ముందు రెండు పేర్లనూ ఒకే ఎత్తుకు తేవడం ఒక్క వరుస పని. ఎనిమిది ఖాళీలు చాలు. ఆ ఒక్క వరుస రాయడానికి తీరిక లేక జనం చేత లక్షల వరుసలు కట్టిస్తున్నారు.

కుర్రాడికి ఆ మాటే చెప్పాను. వాడు తెలివైనవాడు. స్టిక్కర్ పీకి, క్యాప్స్ లాక్ దీపం ఆర్పి, పేరును రెండో కాగితంలో ఉన్నట్టే మొదటిది పెద్దగా, తక్కినవి చిన్నగా కొట్టాడు. తాత ఊపిరి బిగబట్టాడు. చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది.

కలవలేదు.

తెర మీదికి వంగి చూశాను. పాత రికార్డు తెరిచి, కర్సర్‌ను పేరు చివరికి నడిపించమన్నాను. ఆఖరి అక్షరం దాటాక కూడా అది ఒక అడుగు ముందుకెళ్లి ఆగింది. ఎప్పుడో, ఎవరో, పేరు కొట్టి స్పేస్ మీట నొక్కి వదిలేశారు. పెద్దక్షరం కాదు, చిన్నక్షరం కాదు, అసలు అక్షరమే కాదు.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు తాత.

"పేరు తర్వాత ఒక ఖాళీ ఉంది తాతా. అది ఇందులో ఉంది, అందులో లేదు."

"ఖాళీ అంటే?"

"ఏం లేదు. ఏమీ లేనిదాన్నే ఖాళీ అంటారు."

తాత కవరు చంకలో పెట్టుకుని, ఉట్నూరు బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"ఏమీ లేకపోవుడు గూడ తప్పేనా బిడ్డా?"